ఎవరూ చెయ్యి పెట్టకూడదు

"తప్పులు పోతాయమ్మా, ఏమీ అనుకోవద్దు. నాకు అక్షరాలొచ్చింది నలభై ఆరేళ్ళకు. మెల్లగా చేస్తా," అని కీబోర్డు ముట్టుకోకముందే చెప్పుకుంది సుబ్బరత్నమ్మ. ఆమెకున్నది ఎడమ చెయ్యి ఒక్కటే. కుడి చెయ్యి మణికట్టు దాకా సండూరు దారిలో లారీ బోల్తా పడిన రోజు పోయింది. భర్త పోయిందీ ఆ రోజే.

తొందరేమీ లేదంది హారతి అనే ఇంజనీరు పిల్ల. బళ్ళారి కంటోన్మెంటులో ఒక సర్కారు ఆఫీసు గది అది. వికలాంగులు ఇంకొకరి సాయం లేకుండా వాడుకునేటట్టు వెబ్‌సైట్లను మార్చాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. అందుకని పదిమందిని పిలిచి, తలా ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఎవరెక్కడ ఆగిపోతున్నారో వెనక కూర్చున్నవాళ్ళు రాసుకుంటున్నారు. సుబ్బరత్నమ్మకిచ్చిన పని, వికలాంగుల కోటాలో ఇంటికోసం మరిది ఆమె పేరున పెట్టిన పాత దరఖాస్తును తెరిచి చూసి, మళ్ళీ నింపడం.

వెంట వచ్చిన మరిది వెంకటరామి కాసేపే చూడగలిగాడు. ఆమె ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటుంటే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇట్లియ్యి వదినా. నీకు యాడ అయితాది, నేను కొట్టేస్తా."

"మీరు చెయ్యి పెట్టకూడదు సార్. నేనూ పెట్టకూడదు. ఈడ రూలే అది," అంది హారతి.

ఇట్లియ్యి అన్న మాట సుబ్బరత్నమ్మకు కొత్తది కాదు. పోస్టులో ఏదైనా కాగితం వస్తే భర్త ఆ మాటే అనేవాడు. బస్సులో టిక్కెట్టు ఆమె చేతిలో ఉంటే అత్త అదే మాట అనేది. చెయ్యి పోయాక అందరూ అన్నారు, ప్రేమగానే అన్నారు. అయితే తెల్లవారి ఆరుకల్లా పద్దెనిమిది మంది డ్రైవర్లకూ క్లీనర్లకూ సంగటి కెలికేటప్పుడు ఒక్కరూ ఇట్లియ్యి అనలేదు. గుండిగ కదలకుండా రెండు పాదాల మధ్య అదిమిపట్టి ఒంటిచేత్తో కెలికేది. ఖనిజం చైనాకు పోవడం మొదలయ్యాక వెంకటరామికున్న రెండు లారీలు పదకొండయ్యాయి, గుండిగా పెద్దదైంది. ఇంటికెవరైనా వస్తే తోటికోడలు పిలిచి చూపించేది, మా అక్క ఒంటిచేత్తోనే ఎంత చేస్తుందో చూడండని. ఆ పొగడ్తకు కొన్నాళ్ళు సంతోషపడింది కూడా.

పాత దరఖాస్తు తెరుచుకుంది. కన్నడంలో ఉంది. తెలుగు నేర్పిన బడిపంతులమ్మ సుభద్రమ్మే ఆ అక్షరాలూ నేర్పింది కాబట్టి కూడబలుక్కుని చదివింది. రోజువారీ పనులు స్వయంగా చేసుకోగలరా? లేదు. పోషకరు, అంటే ఆమె బాగోగులు చూసే మనిషి, వెంకటరామి. ఇల్లు మంజూరైతే తాళమూ పత్రాలూ అందుకునేదీ ఆయనే. నమ్మకం కుదరక రెండోసారి చదవడం మొదలుపెట్టేలోగా పేజీ మాయమైంది. సమయం ముగిసింది, మళ్ళీ ప్రారంభించండి అని వచ్చింది. ఆ రోజు మూడుసార్లు అట్లాగే జరిగింది.

కష్టమేమైనా ఉంటే చెప్పమంది హారతి.

"నేను చదివేది ముగియకముందే అది ముగిస్తాంది. మెల్లగా చదివేటోళ్ళు కూడా ఉంటారని దానికి చెప్పండి."

హారతి ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది.

తిరుగుదారిలో, ఆటోలో, పనులు చేసుకోలేనని ఎందుకు రాశావని ఆమె మరిదిని అడిగింది. అతను తడబడలేదు. లేదని రాస్తేనే ఇల్లు ముందుగా వస్తుందట, వస్తే డ్రైవర్లు పండుకోవడానికి పనికొస్తుందన్నాడు.

"నాకొక మాట చెప్పొచ్చు గదప్పా."

"చెప్తే నీకేమర్థమైతాది వదినా? మన ఇంట్లో నీకేం తక్కువ?"

విసుగుతో అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. ఆ రాత్రి వంటలో ఉప్పు సరిగానే పడింది, లెక్క తప్పకుండా పద్దెనిమిది కంచాలు కడిగింది. వారం తర్వాత సుభద్రమ్మ దగ్గరికి పోయి, ఆమె ఇంటి వెనక గది ఖాళీగా ఉందా అని అడిగింది. ఉందంది సుభద్రమ్మ. తన బడిలో వంటమనిషి మానేసిందనీ, పని కూడా ఉందనీ చెప్పింది. ఆలోచించి చెప్తానని సుబ్బరత్నమ్మ వచ్చేసింది.

నెల తర్వాత ఆఫీసు నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి బస్సెక్కి ఒక్కతే పోయింది. మార్పులు చేశామనీ, ఈ రోజు నింపింది నిజం దరఖాస్తుగానే పోతుందనీ హారతి చెప్పింది. గడువు దగ్గరపడగానే పేజీ, ఇంకా సమయం కావాలా అని అడుగుతోంది. కావాలని ఆరుసార్లు నొక్కింది. ఆరుసార్లూ ఇచ్చింది.

పనులు స్వయంగా చేసుకోగలరా అన్న చోట వేలు ఆగింది. ఔనని పెడితే ఏమవుతుందని అడిగింది. సలహా ఇవ్వకూడదు కాబట్టి హారతి ఉన్నదే చెప్పింది. పోషకరు గడులు పోతాయి, ఇల్లొస్తే ఆమె ఒక్కదాని పేరుతోనే వస్తుంది. కానీ పనులు చేసుకోలేమన్నవాళ్ళే జాబితాలో ముందుంటారు. ఒకటి రెండేళ్ళు ఆలస్యం కావచ్చు, రాకనే పోవచ్చు.

సుబ్బరత్నమ్మ ఔనని పెట్టింది. మరిది పేరున్న వరుసలు తెరమీద నుంచి పోయాయి.

చివరి పేజీలో, ప్రస్తుతం ఉంటున్న చోటు అన్న గడిలో, మరిది ఇంటి చిరునామా ముందే పడి ఉంది. దాన్ని ఒక్కో అక్షరంగా చెరిపింది. వెనక గదికి ఇంకా ఒక్క చీరైనా తీసుకుపోలేదు. సాయంత్రంలోగా తీసుకుపోకపోతే తాను రాసేది అబద్ధమవుతుంది. రేపు ఆరుకల్లా సంగటి ఎవరు కెలుకుతారో అని ఒక ఆలోచన వచ్చింది. వెంకటరామికి రెండు చేతులున్నాయి కదా అనుకుని, అచ్చు కొట్టడం మొదలుపెట్టింది.

సుబ్బరత్నమ్మ. యాభై మూడేళ్ళు. సుభద్రమ్మ ఇంటి వెనక గది, కంటోన్మెంటు, బళ్ళారి.