సబ్బుల మెర్కాదో ఇంట్లో ఏడో రోజు

ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు, గోధుమరంగు కోటు, ఎదురింటి గోడకు ఆనుకుని, ఎవరి కోసమో ఎదురుచూసేవాడైతే ఈపాటికి ఒక్కసారైనా వీధి చివరికి చూడడా, ఇతను మాత్రం పైకే, తమ కిటికీ వంకే చూస్తున్నాడు, అనుకుంటూ ఎస్త్రెయా పరదా అంచు వదిలేసి వచ్చినవాళ్ళకి పెట్టే ఉడికించిన గుడ్ల పళ్ళెం అందుకుంది, గుడ్లు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి, ఏమిటీ చప్పుడు అనుకుంది, వణుకుతున్నవి తన చేతులే, అమ్మ చూడలేదు కదా, అమ్మ నేలమీద పరుపు మీద కూర్చుని ఉంది, చావింటి ఆచారంగా చించుకున్న మెడపట్టీతో, అద్దం మీద దుప్పటి కప్పే ఉంది, నాన్న పోయి ఈ రోజుకి ఏడో రోజు, వచ్చినవాళ్ళు ఆయన్ని తలుచుకుంటున్నారు, ఎందుకింత గట్టిగా మాట్లాడతారు వీళ్ళు, సుల్తానా పిన్ని మరీను, టైఫస్ జ్వరం వచ్చిన ఏడాది మన మెర్కాదో ఆస్పత్రికి బండెడు సబ్బు పంపాడర్రా, పేరు చెప్పొద్దన్నాడు, రూసే ఊళ్ళో ఆ వాసన ఎవరి సబ్బుదో తెలియనిదెవరికి, అంటోంది, నెమ్మదిగా పిన్నీ, గోడలు పలచన, అనాలనిపించింది, గుడ్ల పళ్ళెం ఆవిడ ముందు పెట్టింది.

నాన్న అయితే ఇంకా గట్టిగా మాట్లాడేవాడు, శుక్రవారం సాయంత్రం అమ్మ దీపాలు వెలిగించేసరికి రేవు నుంచి ఎవరో ఒకరిని వెంటేసుకుని వచ్చేవాడు, ఓడ తప్పిపోయిన రొమేనియావాడు, గొడుగులు బాగుచేసే ఆర్మీనియా ముసలాయన, ఇది ఇల్లా సత్రమా మెర్కాదో, అని అమ్మంటే, సత్రంలో ఇన్ని తిట్లు ఊరికే పెట్టరే బుకా, అంటూ ఆయన నవ్వితే బల్లమీద గ్లాసులు కదిలేవి, తన వాటా చేపముక్క ఎప్పుడూ ఆ వచ్చినవాడికే, యూదులంతా కోటుకి పసుపు నక్షత్రం కుట్టుకు తిరగమన్న రోజుల్లోనూ ఎదురైన ప్రతివాడికీ టోపీ తీసి పలకరించాడు, యుద్ధం అయిపోయాక కొత్త ప్రభుత్వం సబ్బు ఫ్యాక్టరీ లాక్కున్నప్పుడు తాళాలు ఇస్తూ, ఆ రెండో బాయిలరు మొండిది బాబూ, కాస్త బుజ్జగిస్తే మాట వింటుంది, అన్నాడట, ఏం మనిషి, భయమనేది పుట్టుకతోనే లేదు, మరి తనకెక్కడి నుంచి వచ్చింది ఇంత భయం, ఆయన రక్తం తనలో ఎక్కడ ఇంకిపోయింది.

వంటింట్లో దగ్గు, స్తోయాంకా, అయ్యో దగ్గకమ్మా, పోయిన చలికాలం నాన్న దగ్గర పనిచేసిన గుమాస్తాని పట్టుకుపోయారు, అతని పెళ్ళాన్ని, ఈ స్తోయాంకాని, ఊరు విడిచి ఎక్కడో కొండల్లోకి పొమ్మన్నారు, ఆ ఛాతీజబ్బుతో ఎక్కడికి పోతుంది, నాన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, శుక్రవారం అతిథిని తెచ్చినట్టే, దొరికితే ఇంటిల్లిపాదికీ జైలు, పొద్దున బెహోర్ బూట్లు తొడుక్కుంటూ, ఏడో రోజు అయిపోతోందిగా, రేపు ఆవిణ్ణి పంపెయ్యి, మీ నాన్నకి భయం లేదు, నాకుంది, బడిలో ఉద్యోగం ఊడితే పిల్లలకేం పెడతావ్, అన్నాడు, మొగుడి మాటలో తప్పేముంది, రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే వెనక మెట్ల మీంచి పొమ్మంటే, అనుకుంటూ మళ్ళీ పరదా తొలగించింది, గోడ దగ్గర ఎవరూ లేరు.

మెట్ల మీద అడుగులు, తొందరలేని అడుగులు, స్తోయాంకా కాఫీ పళ్ళెంతో గదిలోకి వచ్చేసింది అప్పుడే, వెనక్కి పో అనే లోపల తలుపు తోసుకుని ఆ గోధుమరంగు కోటు మనిషి, టోపీ తియ్యకుండానే, వీధి కమిటీ నుంచి వచ్చాను, ఏమిటీ జనం, అన్నాడు, చావింటి జనం నాయనా, కూర్చో, అంది అమ్మ, అతను కూర్చోలేదు, ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చి స్తోయాంకా దగ్గర ఆగాడు, ఈవిడెవరు.

మా చిన్నాన్న కూతురు, ప్లోవ్దివ్ నుంచి వచ్చింది, ఎవరు చెప్పారీ మాట, తనే, తన గొంతే, చూడ్డానికి మీవాళ్ళలా లేదే, అన్నాడతను, అందరం ఒక్కలాగే ఉంటామా అన్నయ్యా, మీ ఇంట్లో అందరూ ఒక్కలాగే ఉంటారా, అంది, అప్పుడు అమ్మ తల ఎత్తకుండానే, ఇంటి భాషలో, బయటివాళ్ళకి రాని స్పానియోల్‌లో, అమ్మాయ్, ఆ నీళ్ళిటు అందుకో, చేదుగా ఉంది నోరు, అంది, స్తోయాంకా గ్లాసు అందిస్తూ అదే భాషలో, మెల్లగా తాగు పెద్దమ్మా, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు, అంది, తడబడకుండా, యాసతో సహా, అతను ఇంకాసేపు చూశాడు, పళ్ళెంలోంచి ఒక గుడ్డు తీసుకున్నాడు, జేబులో వేసుకున్నాడు, చీకటి పడకముందే వెళ్ళిపోండి అందరూ, అని మెట్లు దిగిపోయాడు, మళ్ళీ వస్తాడేమో, రాకపోవచ్చు, ఎవరికి తెలుసు.

ఎప్పుడు నేర్చుకున్నావే, అని స్తోయాంకాని అడగబోతే గుర్తొచ్చింది, చలికాలమంతా భోజనాల దగ్గర నాన్న ఆవిడ చేత ఉప్పు అనిపించడం, రొట్టె అనిపించడం, తప్పు పలికితే పగలబడి నవ్వడం, అదంతా ముసలితనపు సరదా అనుకుంది తను, అమ్మ పక్కన కూలబడి, నాన్నకి తెలుసా అమ్మా ఇలాంటి రోజొస్తుందని, అంది, అమ్మ ఎస్త్రెయా చేతులు తన ఒళ్ళోకి లాక్కుంది, తెలియకేం, ఆ రొమేనియావాడు వచ్చినప్పటి నుంచీ అంతేగా, అతను ఓడ తప్పినవాడు కాదు, పోలీసులకి చిక్కకుండా పారిపోతున్నవాడే, బయట బూటు చప్పుడైతే చాలు మీ నాన్న చొక్కా వీపున తడిసిపోయేది, పిల్లలు వింటారని పెద్దగా నవ్వేవాడు, నాకు ఉతకడానికి రోజుకో చొక్కా, అంది, ఎస్త్రెయా తన చేతుల వంక చూసుకుంది, వణుకు తగ్గలేదు, తగ్గేలా లేదు కూడా, సాయంత్రం బెహోర్ వస్తాడు, అరుస్తాడు, అరవనీ, ఆవిడ ఇక్కడే ఉంటుందని చెప్పాలి, చెప్పేటప్పుడూ వణుకుతుంది, ఆయనకి భయం లేక కాదు, భయపడుతూనే చేశాడు అన్నీ, తను ఆయన కూతురే.