పావు వంతు నూనె

ఆస్ట్రేలియాలోని బంగవాల్బిన్ చిత్తడి నేలల్లో టీ ట్రీ చెట్ల ఆకు కోసి, బట్టీలో ఉడికించి నూనె దింపే ఇంట్లో మందుల షాపు ట్యూబు కనిపిస్తే పరువు పోయినట్టే. అందుకే కీలీ కాలివేళ్ల మధ్య చర్మం తెల్లగా ఉబ్బి పగిలినప్పుడు తాత క్లారీ అప్పుడే దిగిన నూనె సీసా తెచ్చి కోడలు గ్లెనిస్ చేతిలో పెట్టాడు. ఆమె కూతురి పాదాలకు రోజుకు మూడుసార్లు పట్టించింది.

నాలుగో రోజుకి పాదాలు ఎర్రగా కమిలి పొక్కులు లేచాయి. గ్లెనిస్‌కి కాళ్లూ చేతులూ ఆడలేదు. రేపు మోకాలి దాకా పాకుతుంది, ఎల్లుండి కాలే తీసేస్తారు! పైగా ఆరు వారాల్లో జిల్లా ఈత పోటీలు. తగ్గిందని క్లినిక్ చీటీ తెస్తేగానీ కొలనులోకి రానివ్వమని క్లబ్బువాళ్లు అన్నారు. పదకొండేళ్ల కీలీకి ఈత తప్ప వేరే లోకం లేదు.

క్లినిక్‌లో నర్సు లొరెయిన్, వరసకి అత్త, పాదాలు చూసింది.

"ఏం రాశావే?"

"మన నూనే అత్తా."

"దేంట్లో కలిపి?"

"కలపడమేంటి? స్వచ్ఛమైంది!"

లొరెయిన్ పకపకా నవ్వింది. "పిచ్చిదానా, నేరుగా రాసిన నూనె పడక చర్మం మండిపోయింది. వారం రోజులు ఏమీ రాయకు."

"కాలు తీసెయ్యరు కదా?"

"నీ నోరు కుట్టేస్తా!" సీసా ఒకటి అందించింది. "ఇందులో నూనె పావు వంతే. ఇలాంటిదే జనం మీద పరీక్షించి చూశారు. నాలుగు వారాలు రాస్తే సగం కంటే ఎక్కువమందికి తగ్గింది. నూనె కలపని ఉత్త ద్రవం రాసినవాళ్లలో మూడో వంతు మందికే తగ్గింది. పనిచేస్తుంది గానీ అందరికీ కాదు. దురద పోయిందని మానెయ్యకు. చివర్లో ఫంగస్ పోయిందో లేదో చర్మం గీరి మైక్రోస్కోపు కింద చూస్తారు."

"తగ్గకపోతే?"

"క్రీమ్ ట్యూబు ఉంది. మీ మామకి నేను చెప్తాలే."

ఇంట్లో క్లారీ సీసా తిప్పి చూసి మూతి ముడిచాడు. "మన నూనెని పల్చన చేసి మనకే అంటగడుతున్నారు!"

కాళ్లు చల్లారాక గ్లెనిస్ రెండు పూటలా రాసింది. రెండో వారానికే దురద పోయింది. "ఇంకా ఎందుకమ్మా?" అని కీలీ కాళ్లు విదిలించుకున్నా వదల్లేదు. నాలుగు వారాలయ్యాక చర్మం గీరి పంపారు. ఫలితం వచ్చేదాకా ఆమెకు అన్నం సయించలేదు.

పోటీలకు రెండు రోజుల ముందు లొరెయిన్ స్వయంగా బట్టీ దగ్గరికి వచ్చింది. "ఫంగస్ కనిపించలేదు. ఇదిగో చీటీ!"

కీలీ కెవ్వున అరిచి తల్లి మెడకు వేలాడింది. గ్లెనిస్ చీటీని మూడుసార్లు చదివింది. వేరే పిల్లదేమోనని పేరు నాలుగోసారి చూసింది.

"మన నూనె గొప్పతనం!" క్లారీ ఛాతీ విరిచాడు.

"పావు వంతు గొప్పతనం మావయ్యా," అంది కోడలు.

లొరెయిన్ అతని తడి బూట్లవైపు చూసింది. "మీవీ విప్పండి. పిల్లకి ఎక్కడ అంటుకుందో తేలాలి."

"నాకేం లేదు!" అంటూనే విప్పాడు. ఆ వాసనకి నూనె వాసన కూడా ఓడిపోయింది. పక్కన ఆకు మోస్తున్న ఐదుగురు కూలీలూ మోపులు దింపి, మెల్లిగా వాటి వెనక తమ బూట్లు దాచుకోబోయారు.

"అందరూ వరసలో నిలబడండి," అంది గ్లెనిస్. ఆరు వారాల్లో మొదటిసారి, కడుపు పట్టుకుని నవ్వింది.