అందించని మాట

"నా కళ్లద్దాలు?" అని ఆయన అనడమే తడవు, "ఫ్రిజ్ మీద" అని ఆమె అందించేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆ రెండు మాటల మధ్య రెప్పపాటు ఎడం లేదు. ఆయన బీపీ మాత్ర, అత్తగారి డాక్టరు తారీఖు, గ్యాస్ బుక్ చేసిన రోజు, అన్నీ ఆమె తలలోనే కాపురం పెట్టాయి. తను పాఠాలు చెప్పే ఇంగ్లీషు క్లాసుల్లో పొద్దుటి బ్యాచ్ కూడా తీసుకోమన్నారని నిన్న చెబితే, ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "నువ్వు పొద్దున్నే వెళ్తే ఇంట్లో ఎవరికేం గుర్తుంటుంది?" అన్నాడు. నిజమేనంది అత్తగారు. అది పొగడ్తో పలుపుతాడో ఆమెకు తేలలేదు. వస్తానో రానో ఇవాళ సాయంత్రానికల్లా క్లాసుల ఆఫీసులో చెప్పాలి.

సాయంత్రం క్లాసులో అందరూ పెద్దవాళ్లే. ఒక డ్రైవరు, బేకరీలో పనిచేసే అమ్మాయి, నలభై దాటిన దర్జీ అక్క. నేర్చిన మాటలన్నీ బొమ్మల చీటీలై బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. మర్నాడోసారి, వారానికోసారి, నెలకోసారి ఆమె వాటిని తీసి, బొమ్మ చూపించి ఇంగ్లీషు మాట అడుగుతుంది. మరుపు అంచున ఉండగా వెతికి తెచ్చుకున్న మాటే మనసులో నాటుకుంటుంది. అందుకని పక్కవాళ్లు అందించకూడదు, అదొక్కటే షరతు.

దర్జీ అక్కకు సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే టోపీ బొమ్మ వచ్చింది. పాపం, రోజూ వాడేదే. అక్క కళ్లు పైకప్పుకేసి తేలిపోయాయి. బేకరీ అమ్మాయి పెదవి కదపబోతే ఆమె చూపుతోనే ఆపింది. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది, గోడమీద ఎండ పలచబడుతోంది. నీళ్లలో జారిన ఉంగరాన్ని వేళ్లతో తడుముకున్నట్టుండే ఈ మౌనమంటే ఆమెకు ప్రాణం.

"నా వల్ల కాదు, మీరే చెప్పెయ్యండి టీచరుగారూ" అంది అక్క.

"నేనందిస్తే అది నా దగ్గరే ఉండిపోతుందక్కా. మీకు రాదు."

అన్నాక, ఆ మాట తన చెవిన తనకే కొత్తగా పడింది. కళ్లద్దాలు, మాత్రలు, తారీఖులు ఒక్కొక్కటే ఆ పలచటి ఎండలో తేలుతూ వచ్చాయి. ఇన్నేళ్లూ అందించినవన్నీ తన దగ్గరే ఉండిపోయాయి. తలెంత బరువెక్కిందో ఇవాళ తెలిసి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"థింబుల్" అంది అక్క, చిన్నపిల్లలా నవ్వేస్తూ.

వెళ్లేముందు ఆమె ఆఫీసు గదిలోకి వెళ్లి, రేపట్నుంచి పొద్దుట ఏడింటికి వస్తానని చెప్పింది.

ఇంట్లో చెప్పులు విప్పుతుండగానే, "నా కళ్లద్దాలు?" అన్నాడు ఆయన. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆయన మళ్లీ అడిగి, వింతగా చూశాడు.

"ఏంటి, మర్చిపోయావా?"

"లేదండీ, నాకు గుర్తుంది" అని ఆమె ఎదురుగా కూర్చుని, ఆయన కళ్లు పైకప్పుకేసి వెళ్లేదాకా ఓపిగ్గా ఎదురుచూసింది.