సగం చదివిన దండ

పొద్దున్నే వంటింటి పని తెమిలాక ఆమె కిటికీ పక్కన బల్ల ముందు కూర్చునేది. ఒళ్ళో పూసల పళ్ళెం, కుడి పక్కన పట్టకారు, రాగి తీగ, కొక్కేల డబ్బా. ఎదురుగా అద్దానికి ఆనించి తెరిచిన పుస్తకం, పేజీలు ఎగరకుండా దానికో బట్టల క్లిప్పు. ఒక పూస గుచ్చి, ముడి వేసి, ఒక వాక్యం చదివేది. మళ్ళీ ఇంకో పూస. దండలు చేసి అమ్ముకుని బతికే మనిషికి ఈ చదువు పిచ్చేమిటని తల్లి దెప్పిపొడుస్తూనే ఉండేది. అందులో అబద్ధమేమీ లేదు. చదువుతూ గుచ్చితే పనికి అన్యాయం చేస్తున్నట్టుండేది. పుస్తకం మూసి గుచ్చితే పుస్తకం అలిగి కూర్చున్నట్టుండేది. రోజూ ఎవరో ఒకరికి క్షమాపణ బాకీ పడ్డట్టే తెల్లారేది ఆమెకి.

చదువుతూ గుచ్చిన కథ పూసలకెక్కేది. ఆ దండ మెడలో ఉన్నంతసేపూ వేసుకున్నవాళ్ళు కథలో మనిషిలాగే నడుచుకునేవారు, అదీ ఆమె ఎంతవరకు చదివితే అంతవరకే. దండ ముగిశాక చదివింది ఎక్కేది కాదు. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. దర్జీ ఆవిడ ఒకసారి దొంగల నవల దండ వేసుకుని, సొంత బీరువా తాళంచెవి తానే కాజేసి, మూడు రోజులు ఇల్లంతా గాలించింది.

"దండ బాగానే ఉంది గానీ, నాకు కుట్టుపని సాగట్లేదండీ. కాస్త నెమ్మదైన కథ చదువుతూ ఇంకోటి చెయ్యండి," అని మార్చుకుపోయింది.

చెల్లెలు మాత్రం ముందే జాగ్రత్తపడింది. నాలుగేళ్ళు దరఖాస్తులు పెట్టి పెట్టి, చెప్పులరిగేలా తిరిగితే ఇప్పటికి ఓడరేవులో ఉద్యోగం దొరికింది. దిగిన సరుకు సరిచూసి సంతకం పెట్టే పని. సోమవారం చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

"అక్కా, మొదటి రోజు నువ్వు చేసిన దండే వేసుకుంటాను. కానీ పుస్తకం మూసి గుచ్చు. నాకు నా బుద్ధి చాలు," అంది.

"పుస్తకం ముట్టుకోనులే," అని మాటిచ్చింది ఆమె.

ముట్టుకోలేదు కూడా. పేజీలు పట్టకారుతో తిప్పింది.

ఏం చెయ్యను, కథ అలాంటిది అని తనకి తానే సర్దిచెప్పుకుంది. రేవు దగ్గర ఒక ఇల్లాలు. సాయంత్రానికి వస్తానని వెళ్ళిన మనిషి కోసం కిటికీ దగ్గర కూర్చుంటుంది. కథలో పదకొండో ఏడు నడుస్తుండగా దండ పూర్తయింది. ఆమె కొక్కెం బిగించి, ఇంకా నలభై పేజీలుండగానే పుస్తకం మూసేసింది.

గురువారం చెల్లెలు అద్దంలో చూసుకుందామని దండ వేసుకుంది. అంతే, కిటికీ దగ్గర కూర్చుండిపోయింది. పెట్టె సర్దలేదు. పిలిస్తే పలికేది, పెడితే తినేది, చూపు మాత్రం వీధి మలుపు దగ్గరే.

"ఎవరి కోసమే?" అని అడిగింది తల్లి.

"తెలీదమ్మా. సాయంత్రానికి వస్తానన్నారు."

తల్లి చిన్న కూతురి మెడ వంక చూసింది. తర్వాత పెద్ద కూతురి వంక చూసింది. ఆరిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. శుక్రవారం, శనివారం ఒక్క పూసా గుచ్చలేదు. ఆదివారం ఇక తట్టుకోలేక చెల్లెలి పక్కన కూలబడింది.

"అది తీసెయ్యవే. చదువుతూ గుచ్చాను."

"తెలుసక్కా. వేసుకోగానే తెలిసింది."

"మరి తియ్యలేదేం?"

"తీస్తే ఆవిడ ఒక్కతే అయిపోతుంది. పదకొండేళ్ళుగా పక్కన మనిషి లేదు. ఎలా తియ్యమంటావు?"

"నా మీద కోపం రావట్లేదా నీకు?"

"ఆవిడకి కోపం రాదు," అంది చెల్లెలు నెమ్మదిగా.

చిన్నప్పటి నుంచీ చెల్లెలి కోపం అంటే ఇంటిల్లిపాదికీ హడల్. అడిగిన దండ సరిగ్గా ఇవ్వకపోగా, పిల్లకున్న ఆ కాస్త కోపాన్నీ పొట్టన పెట్టుకున్నాననుకుంది.

"నాకియ్యి. ఆవిడ దగ్గర నేను కూర్చుంటాను."

"ఎన్నాళ్ళని?"

"నాదెలాగూ కూర్చుని చేసే పనేగా."

చెల్లెలు ఆమె వైపు మెడ వంచింది. ఆమె కొక్కెం విప్పి, దండ తన మెడలో వేసుకుంది. పూసలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. చెల్లెలు రెండుసార్లు కళ్ళు చికిలించి, లేచి నిలబడింది.

"ముట్టుకోనని మాటిచ్చి ఎలా చదివావ్?"

"పట్టకారుతో తిప్పాను."

"సిగ్గులేదూ నీకు? రేపే నా ప్రయాణం. పెట్టె ఎక్కడ పెట్టి చచ్చారు?" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తూ లోపలికి పోయింది. ఆ అరుపులు వింటూ ఆమె తనివితీరా ఏడ్చింది.

సోమవారం మొదటి బస్సుకి చెల్లెలు బోసి మెడతో వెళ్ళిపోయింది.

మెడలో ఆ దండతోనే ఆర్డర్లన్నీ ఆమె వేళకి అందిస్తోంది. అద్దానికి పుస్తకాలేవీ ఆనించడం లేదు. మిగిలిన నలభై పేజీలు చదవడానికి ఒకటి రెండుసార్లు చెయ్యి చాచింది గానీ, చివర్లో ఎవరూ రాకపోతే ఎలాగని వెనక్కి తీసుకుంది. గడువు ముగిసిన రోజు పుస్తకం లైబ్రరీలో ఇచ్చేసింది.

నెల తిరిగాక చెల్లెలు ఫోన్ చేసింది. పని నచ్చిందట, నిన్న ఒక ఓడ కెప్టెన్‌తో గొడవపడి గెలిచిందట.

"సెలవు దొరికితే వస్తానక్కా. ఎప్పుడో తెలీదు. నువ్వు ఎదురుచూస్తూ కూర్చోకు," అంది.

"కూర్చోనులే," అంటూ ఆమె కుర్చీని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది.