నాలుగో డిమాండు

హేమ్లిని యూనియన్ కమిటీలో వేసుకున్నప్పుడు ఆమె నోరు విప్పుతుందని ఎవరూ అనుకోలేదు. నలుగురు మగవాళ్ళ పక్కన ఒక ఆడమనిషి కూడా ఉండాలని సాంబమూర్తి పట్టుబట్టాడు కాబట్టి వేసుకున్నారు. సాంబమూర్తి కొత్తగూడెం బొగ్గుబావిలో పాతికేళ్ళు పనిచేసి, యూనియన్లలో తల పండినవాడు. ఎనభై ఏడు ఎండాకాలంలో, చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న చిప్పుల మిల్లులో యూనియన్ పెట్టించింది ఆయనే.

ఆ మిల్లులో జామాయిల్ కట్టెను చిన్న చిన్న ముక్కలుగా కొట్టి కాగితం మిల్లుకు పంపుతారు. మిషన్ల మీద అరవై మంది మగవాళ్ళు. బయట రేకుల కింద కూర్చుని కట్టెకు బెరడు ఒలిచేవాళ్ళు నలభై ఆరు మంది ఆడవాళ్ళు. హేమ్లి వాళ్ళలో ఒకతె. బెరడు పోని ముక్క కాగితానికి పనికిరాదు. అయినా హాజరు పుస్తకంలో ఆ నలభై ఆరు మందిలో ఒక్కరి పేరూ లేదు. మేస్త్రీ పేరు కింద 'ఒలుపు పని' అని ఒక గీత, అంతే. కత్తి జారి వేలు తెగితే మిల్లు జీపు దవాఖానాకు కదిలేది కాదు. తెగిన వేలు మిల్లు మనిషిది కాదు మరి.

మూడు ఆదివారాలు బడి వరండాలో కూర్చుని పదకొండు డిమాండ్లు రాశారు. కూలి పెంపు మొదటిది. ఒలుపు ఆడవాళ్ళ పేర్లు హాజరు పుస్తకంలో ఎక్కించాలన్నది నాలుగోది. మరుగుదొడ్డి తొమ్మిదోది.

మూడో ఆదివారం సాంబమూర్తి కుర్చీ జరుపుకుని కాలు మీద కాలేసుకున్నాడు. "ఇయ్యాల నేనే మేనేజర్‌ను. అడుగుండ్రి ఏమడుగుతరో."

యూనియన్ సెక్రెటరీ బొజ్జయ్య కూలి సంగతి గడగడా చెప్పాడు. నాలుగోది రాగానే ఒలుపు ఆడవాళ్ళలో అందరికంటే పెద్దదైన ముత్తక్క పేరు చదివాడు. సాంబమూర్తి కనుబొమలు ఎగరేశాడు. "ముత్తక్కనా? ఆమె ఎవలు? నా రికార్డుల అసొంటి మనిషి లేదే."

బొజ్జయ్య దిక్కులు చూశాడు. వెనక వరసలో ముత్తక్క నిజంగా మేనేజరే తనను లేదన్నట్టు బిత్తరపోయింది.

"లేకుంటే నీ కట్టె ఎవలు ఒలిచిండ్రు?" అంది హేమ్లి. "చెట్టు మీదనే ఒలుసుకొని వచ్చిందా?"

వరండా అంతా నవ్వింది. సాంబమూర్తి మాత్రం నవ్వలేదు. "గదే మాట ఆడ కూడా అనాలె చెల్లె. అప్పుడు నవ్వేటోళ్ళు ఉండరు, యాదుంచుకో" అన్నాడు.

గురువారం మిల్లు ఆఫీసులో మాటలు మొదలయ్యాయి. మేనేజర్ అందరికీ చాయ్ తెప్పించాడు. కాగితం ముందు పెట్టుకుని మర్యాదగా అన్నాడు: "మిషన్ వాళ్ళకి రోజుకి నాలుగు రూపాయలు పెంచుతాం. పండగకి బోనస్ కూడా ఇస్తాం. మీరు మాత్రం ఆ నాలుగోది వదిలెయ్యండి. ఒలుపు పని కాంట్రాక్టరుకి ఇచ్చేస్తున్నాం. వాళ్ళతో మాకు సంబంధం ఉండదు."

రోజుకు రెండు రూపాయలు వస్తే చాలనుకుని వచ్చిన మనుషులు వాళ్ళు. బొజ్జయ్య జేబులోని పెన్ను మీద చెయ్యి వేశాడు. హేమ్లి పెనిమిటి రూప్‌సింగ్ కూడా మిషన్ మనిషే. నాలుగు రూపాయలంటే ఆ ఇంటికి ఏమిటో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు.

"నేను ఒప్పుకోను" అంది.

"నీకేం నష్టం అమ్మా? మీ ఆయనకి పెరుగుతుందిగా" అన్నాడు మేనేజర్.

"ఆయన పని ఆయనది, నా పని నాది సారూ. పదేండ్ల నుంచి నీ కట్టె ఒలుస్తున్న. నన్ను ఎవలకో అప్పజెప్పి మాకు సంబంధం లేదంటవా? మేం ఒలువకుంటే నీ మిషన్ ఏం తింటది?"

"హేమ్లీ, జర ఆగు" అన్నాడు బొజ్జయ్య.

"నువ్వు ఆగన్నా. కమిటీల అయిదుగురం సంతకం పెడితేనే ఒప్పందమని మనమే రాసుకున్నం గద. నేను పెట్టను."

కమిటీ వెంట వచ్చిన సాంబమూర్తి తన చాయ్ గ్లాసు పక్కకు జరిపి లేచాడు. "ఇయ్యాలటికి అయిపోయింది సార్" అన్నాడు.

గేటు బయట మగవాళ్ళు ఆమెను చుట్టుముట్టారు. చేతికొచ్చింది పోగొట్టిందన్నారు. రూప్‌సింగ్ వాళ్ళ మధ్య నిలబడి తల దించుకున్నాడు. తండాకు పోయే దారంతా ఆమెకు పది అడుగులు ముందే నడిచాడు. ఇంటి ముందుకు వచ్చాక తమ లంబాడీ భాషలో అడిగాడు: "అంతమందిలో నా పరువు తియ్యాలనే పోయినావా?"

"నీ పరువు నాలుగు రూపాయలకు కొనుక్కుంటుండ్రు. నాదైతే ఉట్టిగనే గుంజుకుంటుండ్రు" అని ఆమె కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. అతను అందుకోలేదు.

తెల్లారి నలభై ఆరు మంది కత్తులు కొంగుల్లో చుట్టుకుని గేటు ముందు కూర్చున్నారు. మొదటి రోజు మేనేజర్ పట్టించుకోలేదు. రెండో రోజు అశ్వారావుపేట వైపు నుంచి ట్రాక్టర్ నిండా కొత్త ఆడవాళ్ళను తెప్పించాడు. హేమ్లి దారికి అడ్డంగా నిలబడింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు.

"అక్కా, మీ పేర్లు రాసుకున్నడా?" అని ట్రాక్టర్ వాళ్ళను అడిగింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "రాసుకోలేదు గద? ఇయ్యాల మేం లేం అన్నడు, రేపు మీరు లేరంటడు."

సగం మంది దిగారు. మిగతా సగం ఆకలన్నట్టు పొట్ట చూపించి లోపలికి పోయారు. హేమ్లి వాళ్ళను తిట్టలేదు, ఇంకెవర్నీ తిట్టనివ్వలేదు. ఎండకు బెరడు కట్టెను కరుచుకుపోయింది. అలవాటు లేని చేతులు పొద్దుగూకేదాకా గీకినా పది దుంగలు తేలలేదు. మూడో రోజు మేనేజర్ బెరడుతోనే మిషన్‌కు వేయించాడు. కాగితం మిల్లు ఆ లారీని గేటు దగ్గర్నించే తిప్పి పంపింది. నాలుగో రోజు మిషన్ ఆగింది.

మిషన్ ఆగాక మగవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. కొందరు కోపంగా ఇళ్ళకు పోయారు. రూప్‌సింగ్ చాలాసేపు గేటు పక్కన నిలబడి, చివరికి వచ్చి ఆడవాళ్ళకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు. అతన్ని చూసి ఇంకో ఇరవై మంది కూర్చున్నారు.

వారం తిరక్కుండానే కొత్తగూడెంలో లేబర్ ఆఫీసర్ ముందు మళ్ళీ కూర్చున్నారు. ఈసారి హేమ్లి తన పక్కన ముత్తక్కను కూడా కూర్చోబెట్టుకుంది. మేనేజర్ మొహం వాడిపోయింది గాని మాట తగ్గలేదు. పేర్లు ఎక్కిస్తానన్నాడు. మగవాళ్ళకు నాలుగు కాదు, రెండున్నరే అన్నాడు. మరుగుదొడ్డి ఇప్పుడు కాదన్నాడు. "అరవై దాటిన వాళ్ళని మాత్రం రాయను. ఇదిగో, ఈ ముసలమ్మ లాంటి వాళ్ళని" అన్నాడు.

ముత్తక్క ముందుకు వంగింది. "నాకు అరవై అని నీకెవలు చెప్పిండ్రు సారూ? నేను పుట్టిననాడు నువ్వు ఆడ ఉన్నవా?"

లేబర్ ఆఫీసర్ రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. మేనేజర్ కాగితాల్లో వెతికాడు. ఆమె పేరే లేని కాగితాల్లో ఆమె వయసు ఎక్కడుంటుంది?

"నలభై ఆరు" అంది హేమ్లి. "నలభై అయిదంటే నేను లేచి బయటికి పోత."

నలభై ఆరు పేర్లూ రాశారు. హేమ్లి ఒక్కొక్కటీ పైకి చదివించుకుంది. 'బాలి' అని ఉండాల్సిన చోట 'లాలి' అని పడితే దిద్దించింది. లాలి వేరే మనిషి, ఆమె పేరు విడిగా రాయించింది. చదవడం పూర్తయ్యాక బొటనవేలు సిరాలో ముంచి గట్టిగా ఒత్తింది. మరుగుదొడ్డి మాత్రం పోయింది. ఒప్పందం గడువు మూడేళ్ళు తీరేదాకా తుప్పల చాటుకే పోవాలి. ఆ మాట లేబర్ ఆఫీసర్ ముందే అనేసింది. ఆయన తల వంచుకుని కాగితం మీద ముద్ర వేశాడు.

తిరుగుదారిలో బస్సులో, కమిటీ వెంట కొత్తగూడెం వచ్చిన రూప్‌సింగ్ ఆమె పక్కన కూర్చున్నాడు. చండ్రుగొండ దాటాక వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు.

"నా ఒకటిన్నర రూపాయి పోయింది" అన్నాడు చివరికి.

"ఒప్పందం మూడేండ్లకే గద. మల్ల కూసుంటం" అంది హేమ్లి. "అప్పుడు నీది కూడా అడుగుత. నువ్వు మాత్రం తల దించుకొని నిలబడకు."

తండా స్టేజీ రాగానే రూప్‌సింగ్ ముందుగా లేచి, ఆమె దిగేదాకా బస్సు ఆపమని కండక్టర్‌ను కేకేశాడు.