గడపలో హులిగెమ్మ

టర్పెంటైన్ డబ్బాలో కుంచె జాడించి, ఆదెప్ప మళ్లీ బొమ్మలో హులిగెమ్మ మొహం దగ్గరికి వచ్చాడు.

ఆదోని కోటకొండ కింది సందులో, ఎదురింటి అరుగు మీద, పాత దుకాణం బోర్డు రేకును ఒళ్లో పెట్టుకుని పొద్దున్నుంచీ కూర్చున్నాడు. మట్టిమిద్దె, మొద్దురాళ్ల గోడ, పొగచూరిన తలుపు పోయినవారమే వేసేశాడు. ఆ రంగులు ఆరి గట్టిపడ్డాయి కూడా. మిగిలింది గడపలో కూర్చుని మిరపకాయల తొడిమెలు తుంచుతున్న ముసలామె ఒక్కతే. కుదురుగా ఉండదు. తుమ్ముతుంది, దోవన పోయేవాళ్లను పలకరిస్తుంది, మధ్యలో వక్కాకు సంచి విప్పుతుంది, లేచి కోడిని తోలుతుంది.

యాభై దాటినా ఆదెప్ప చెయ్యి వణకదు. వణికేంత పనీ లేదు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులను మింగేశాయి. ఆటోల వెనక పేర్లు, ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు, అంతే. ఖాళీ దొరికినప్పుడల్లా ఊళ్లో కూలబోయే ఇళ్ల బొమ్మలు వేస్తూ వచ్చాడు. చూసినవాళ్లంతా అచ్చం మా ఇల్లేనని మెచ్చుకున్నారు, ఫోన్లో ఫొటో తీసుకున్నారు, బొమ్మను మాత్రం ఆయన చేతికే ఇచ్చి పంపారు. ఒక్కటంటే ఒక్కటి ఏ గోడకూ ఎక్కలేదు. మంచం కింద రేకులు పేరుకుపోతే, మీ ఆదోనంతా నా నడుం కిందే ఉందని పెళ్లాం దెప్పుతుంది.

ఈ మిద్దెను రేపు కూలగొడతారు. హులిగెమ్మ కొడుకు బసవరాజు అదే చోట స్లాబు ఇల్లు కట్టబోతున్నాడు. బొమ్మ వేసిస్తే కొత్త హాల్లో తగిలిస్తానని అతనే మాటిచ్చాడు. మధ్యాహ్నం వచ్చి చూసి మొహం చిట్లించాడు.

"బతికుండే మనిషిని గోడకెక్కిస్తారాన్నా? సూసినోళ్లు దండేస్తారు. అమ్మను తీసెయ్. ఉత్త ఇల్లైతే తగిలిస్తా."

"మనిషి లేకుంటే అమ్మకానికి పెట్టిన కొంప మాదిరి ఉంటాది గదప్పా."

బసవరాజు వినలేదు. హులిగెమ్మే తేల్చింది, తొడిమె తుంచుతూనే.

"తుడిచెయ్ నాయనా. నేను యాడ కూసున్నా అడ్డమే."

రేకును చంకన పెట్టుకుని లేచిపోయి ఉండొచ్చు. పోలేదు. ఒక్క గోడ, ఈ జన్మకు ఒక్క గోడ అనుకున్నాడు. తడి ఆరని మొహం మీద తలుపు లోపలి చీకటిని మందంగా పూశాడు. కళ్ల దగ్గర చెయ్యి ఆపలేదు; ఆపితే చేయలేడు. తన మీద తనకే అసహ్యం వేసి, టీకి పోయాడు.

తిరిగొచ్చేసరికి ఇంటి ముందు చెప్పులు గుంపుగా ఉన్నాయి. హులిగెమ్మ గడపలోనే తలుపుకు ఒరిగి కునుకు తీస్తోందనుకున్నారట. లేపితే లేవలేదు. లోపల పడుకోబెట్టారు.

బసవరాజు వచ్చి ఆదెప్ప ఎదుట నిలబడ్డాడు. తలాపున పెట్టడానికి ఆధార్ కార్డు ఫొటో తప్ప ఇంకేమీ లేదట. అందులో ఆమె ఆమెలా లేదట.

"అమ్మను మళ్లా కనపడేట్ల చెయ్యన్నా."

తిట్లు ఆదెప్ప నోటిదాకా వచ్చాయి. దిగమింగుకుని, గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి మెల్లగా రుద్దాడు. నలుపు లేచింది. దాంతోపాటే పొద్దున వేసిన పచ్చి మొహమూ చెరిగి గుడ్డకంటింది. అడుగున, పోయినవారం వేసి ఆరిన తలుపు చెక్కుచెదరకుండా మిగిలింది. బసవరాజు రేకును చూడలేదు. గుడ్డ మీది గోధుమరంగు మరకను చూసి, లోపలికి పోయాడు.

గడప మీద హులిగెమ్మ వక్కాకు సంచి నోరు తెరుచుకుని ఉంది. పక్కన, సున్నం రాసి ఇంకా మడవని తమలపాకు ఒకటి, అంచుల దగ్గర వడలిపోతోంది.