నీలం గోడల పండుగ

డిసెంబరు వచ్చిందంటే రంగశాయిపేటలో రూతు ఇంటి గడప ముందు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. చర్చికి వచ్చే కుటుంబాల్లో సగం మంది పిల్లల పండుగ బట్టలు ఆమె చేతి మీదుగానే వెళ్లేవి. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్, దాని చుట్టూ పేర్లు రాసి కట్టిపెట్టిన గుడ్డల మూటలు. పొద్దున పొయ్యి మీద అన్నం ఎసరు పెట్టి వచ్చి మిషన్ మీద కూర్చునేది. మళ్లీ ఎవరో అన్నం మాడిపోతోందని కేకేస్తే లేచేది.

భర్త దావీదు వరంగల్ స్టేషన్‌లో గూడ్స్ షెడ్డు కలాసీ. కూతురు హనుమకొండ హాస్టల్లో చదువుకుంటోంది, పండుగ సెలవులకు రావాలి. ఇంట్లో రోజంతా రూతుకు తోడు ఉండేది అత్త మార్తమ్మ ఒక్కతే. పెద్దావిడ మాటలు తక్కువ. ఏ పని చేసినా బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. అందుకే రూతుకు ఆమె అంటే కొంచెం భయం.

ఎనభై రెండులో క్రిస్మస్‌కు ముందు జరిగే ఇంటి ప్రార్థన వీళ్ల వంతు వచ్చింది. ఏటా ఒక ఇంట్లో జరుగుతుంది ఆ కూటం. కిందటేడు సాల్మన్ సారు ఇంట్లో జరిగింది. ఆయన బడిపంతులు, పక్కా ఇల్లు. ట్యూబ్ లైట్లు వెలిగించి, తలుపులకు లేసు కర్టెన్లు వేసి, గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెరుపు కాగితాలు కట్టారు. ఆ రోజు వెనక వరసలో కూర్చున్న రూతు, మా ఇంటి వంతు వచ్చినప్పుడు ఇంతకు తక్కువ కాకూడదని మనసులో గట్టిగా అనుకుంది. పెంకుటిల్లే కావచ్చు. సున్నం వేయిస్తే, రంగు కాగితాల గొలుసులు కడితే, వాకిట్లో పెద్ద నక్షత్రం వేలాడదీస్తే ఎందుకు బాగుండదు?

ముందు సున్నం దగ్గర దెబ్బతింది. ఆదివారం దావీదు తానే వేస్తానని నడుం కట్టాడు. రూతుకు మిషన్ దగ్గర నుంచి లేచి చూసే తీరిక లేకపోయింది. సాయంత్రం చూస్తే నాలుగు గోడలూ నీలంగా ఉన్నాయి.

"నీలిమందు ఎంత కలిపినవయ్యా?"

"పొట్లం మొత్తం. జర తెల్లగ కొడ్తదనుకున్న" అన్నాడు దావీదు, చేతులు కడుక్కుంటూ. "ఆరితే తగ్గుతదిలే. ఫికర్ చెయ్యకు."

ఆరలేదు. మర్నాటి నుంచి ముసురు పట్టింది. ఎండ లేదు, గాలిలో చెమ్మ. గోడ మీద ఒకచోట ముదురు, ఒకచోట లేత, బ్రష్ వెళ్లిన దారులన్నీ కనబడుతున్నాయి. మళ్లీ తెల్లసున్నం వేయడానికి టైం లేదు. రూతు అత్త వైపు చూసింది, ఏమన్నా అంటుందేమోనని. మార్తమ్మ గోడను చూసి, చాట తీసుకుని బియ్యం చెరగడానికి వెళ్లిపోయింది.

గొలుసులు బాగా చేస్తే గోడల మీదికి ఎవరి చూపూ పోదనుకుంది రూతు. కుట్టుపని అయ్యాక కూర్చుని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కాగితాలు సన్నగా కత్తిరించి, మైదాపిండి ఉడకబెట్టిన లైతో ఒకదాంట్లో ఒకటి అతికించింది. మెడ తిప్పితే నొప్పి, కుడి భుజం నుంచి మోచేతి దాకా తిమ్మిరి. పండుగ అయ్యాక చూసుకుందాంలే అనుకుంది. ఆరడానికి గొలుసులను వెనక వరండాలో తాడు మీద వేసింది.

పొద్దున లేచి చూస్తే పక్కింటి మొగిలమ్మ మేక వరండాలో నిలబడి ఉంది. దాని నోటి నుంచి మూడు రంగుల ముక్క వేలాడుతోంది. తాడు మీద ఇంకేమీ మిగల్లేదు. మైదా వాసనకు వచ్చినట్టుంది, కాగితంతో సహా నమిలేసింది.

మొగిలమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె ఊరి బయట చెలకలో బంతి, చామంతి వేసి, పూలు గుచ్చి మార్కెట్లో అమ్ముతుంది. మేకను రెండు అంటించి, "పాపిష్టిది, తాడు తెంపుకొని వచ్చింది చెల్లె. నీ కష్టమంతా తిన్నది గదనే" అని తల పట్టుకుంది.

"పోనీ తియ్ అక్కా" అంది రూతు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. లోపలికి వెళ్లి మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఇక మిగిలింది నక్షత్రం. దావీదు వెదురు బద్దలు కట్టి, పలచటి రంగుకాగితం అతికించి, లోపల బల్బు పెట్టి వాకిట్లో కర్రకు కట్టాడు. అదొక్కటైనా నిండుగా ఉందని రూతు సంతోషించింది.

ఆ మధ్యాహ్నమే చినుకులు గట్టిగా పడ్డాయి. కిటికీలోంచి రూతుకు నక్షత్రం కనబడుతూనే ఉంది. ఎర్ర రంగు కారి పసుపులోకి, పసుపు కిందికి. కాగితం నాని, మెల్లగా జారి, బద్దలకు అంటుకున్న పేలికల్లా వేలాడింది. ఆమె కాళ్లు మిషన్ తొక్కుతూనే ఉన్నాయి. కళ్లు తిరిగినట్టయింది. గుడ్డను తోస్తున్న చేయి ముందుకు పోయి, సూది చూపుడువేలి గోటిలోంచి కిందికి దిగింది.

మార్తమ్మ అరుపు విని మొగిలమ్మ వచ్చింది. ఇద్దరూ కలిసి ఆమెను రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరమ్మ విరిగిన సూదిముక్క తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, కట్టు కట్టింది. తర్వాత కళ్ల రెప్పలు లాగి చూసింది.

"పొద్దున ఏం తిన్నావు?"

"చాయ్ తాగిన."

"మధ్యాహ్నం?"

రూతుకు గుర్తు రాలేదు. తిన్నదో లేదో నిజంగానే తెలియలేదు.

"వేలిదేముంది, మానిపోతుంది. మనిషివే అరిగిపోయి ఉన్నావు" అంది డాక్టరమ్మ. "పండుగ దాకా మిషన్ ముట్టకు. వేళకు తిను, పగలు కాసేపు పడుకో. మందు కంటే అది ముఖ్యం."

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో రూతుకు ఏడుపు ఆగలేదు. నొప్పికి కాదు. "గోడలు గట్లయినయ్, కాగితాలు పాయె, చుక్క పాయె. గిప్పుడు బట్టలు గుడ ఇయ్యకపోతే అందరు ఏమనుకుంటరు అత్తమ్మా?"

మార్తమ్మ కట్టున్న చేయి కుదుపుకు తగలకుండా పట్టుకుంది. రిక్షా గల్లీలోకి తిరిగాక, తనతో తాను చెప్పుకున్నట్టు అంది. "నీ పెనిమిటి కడుపుల ఉన్నప్పుడు, ఒళ్లు కాలిపోతాంటె, పండుగకని గంపెడు అరిసెలు చేసిన. ఇల్లంత అలికిన. ఎవరికి యాదున్నది? అరిసెలు ఎట్లున్నయో నాకే యాది లేదు. జ్వరమే యాదున్నది."

రూతు ఏడుపు ఆపి ఆమె వైపు తిరిగింది. పన్నెండేళ్ల కాపురంలో అత్త అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు.

ఇంటికి రాగానే మార్తమ్మ ట్రంకుపెట్టెలోంచి పాత దుప్పటి తీసి మిషన్ మీద కప్పేసింది. "పండుగ దాకా దీన్ని తీస్తే నేను ఊకోను" అని చెప్పి, అన్నం కలిపి తెచ్చి ఎదురుగా కూర్చుంది.

మర్నాడు ముసురు విడిచి ఎండ కాసింది. రూతుకు కూర్చోవడం చేతకాలేదు. మంచం మీద నుంచి లేచి గోడ దగ్గరికి వెళ్తుంది, నక్షత్రం బద్దల దగ్గరికి వెళ్తుంది, ఒంటి చేత్తో ఏదో సర్దబోతుంది. మొగిలమ్మ వచ్చి ఆ చేయి పట్టుకుని, నీళ్లు కాగుతున్న పెరట్లోకి నడిపించింది.

"నాకు తానం చేయిస్తవా అక్కా? నేనేమన్న బాలింతనా?"

"బాలింతకైతే నెల దినాలు చేస్తరు. నీకు ఒక్కనాడే. నోర్మూసుకొని కూసో."

కట్టు తడవకుండా చేయి పైకెత్తి పట్టుకుని రూతు పీట మీద కూర్చుంది. మొగిలమ్మ మాడున నువ్వులనూనె పోసి, మెడ వెనక నరాలను బొటనవేళ్లతో ఒత్తింది. ముడులు కట్టిన చోట ఆగి, మెల్లగా వదిలించింది. కుంకుడురసం నురుగు, వేడివేడి నీళ్లు. తల మీద ఇంకొకరి చేతులు పడి ఎన్నేళ్లయిందో. పెళ్లికి ముందు తల్లి పోసిందేమో చివరగా. నీళ్లతో కలిసి కళ్లలోంచి ఏమైనా కారిందో లేదో మొగిలమ్మ అడగలేదు.

ఎండలో నులకమంచం వేసి జుట్టు ఆరబెట్టుకుంటూ పడుకుంది. లేచేసరికి పొద్దు వాలుతోంది. మంచం పక్కన రేగుపండ్లు, కొంచెం ఉప్పు పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో తెలియదు. ఒక్కొక్కటే ఉప్పులో అద్దుకుని, గింజలు దూరంగా ఉమ్ముతూ, అన్నీ తినేసింది. మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. తిరిగింది.

అప్పుడే సాల్మన్ సారు భార్య లేయమ్మ వచ్చింది. ఆమె ఇద్దరు బిడ్డల గౌన్లు సగంలో ఉన్నాయి. కుట్లన్నీ పడ్డాయి గానీ అంచులు మడవాలి, గుండీలు కుట్టాలి. ఆమెకు ఎదురుచెప్పడం రూతుకు ఎప్పుడూ అలవాటు లేదు. ఎలాగోలా రేపు ఇస్తానని నోటిదాకా వచ్చింది. ఒళ్లో చేయి చూసుకుంది.

"నాతోని కాదు వదినా. చేయి బాగలేదు, పానం గుడ బాగలేదు. మిగిలింది ఇంకెవరితోనన్న కుట్టించుకోండ్రి. ఏమనుకోకండ్రి."

లేయమ్మ మొహం కాసేపు ముడుచుకుంది. తర్వాత కట్టు చూసింది, దుప్పటి కప్పిన మిషన్ చూసింది. "సూది దారం ఎక్కడున్నయ్?" అంది. మంచం పట్టె మీద కూర్చుని అంచు మడవడం మొదలుపెట్టింది. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. రూతు చేయి ముందుకు సాగి మళ్లీ వెనక్కి వచ్చింది.

"నవ్వకు" అంది లేయమ్మ, తలెత్తకుండా. "కిందటేడు ప్రార్థన మా ఇంట్ల అయినప్పుడు, ఆ కాగితాలన్ని కట్టి, అందరు పోయినంక, నడుం పట్టుకొని వారం దినాలు మంచంల పడ్డ. ఎవ్వరికి చెప్పలేదు."

రూతు నమ్మలేనట్టు చూసింది. తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, పిల్లల గురించి, నడుంనొప్పుల గురించి. మిగతా మూటలు ఎవరివి వాళ్లకు తిరిగి వెళ్లాయి.

ప్రార్థన రోజు మొగిలమ్మ పెద్ద గంపతో బంతిపూలు తెచ్చింది. "మేక తిన్నదానికి బదులు" అని అరుగు మీద కూర్చుని గుచ్చసాగింది. ప్రార్థన జరిగే ఇంటి తలుపుకు బంతి తోరణం కట్టవచ్చునా అని రూతు అత్త వైపు చూసింది. మార్తమ్మ ఒక దండ తీసుకుని, స్టూలు మీదికి ఎక్కమని దావీదుకు అందించింది.

నక్షత్రానికి కాగితం కోసం దావీదు చౌరస్తా దాకా వెళ్తే పండుగ రద్దీకి దుకాణాల్లో అయిపోయింది. దొరికింది మూడు కొమ్మలకే సరిపోయింది. మిగిలిన రెండు కొమ్మలు వట్టి బద్దలే. "ఏం చెయ్యమంటవ్?" అని అడిగాడు. పాత రూతు అయితే దాన్ని దించేయమనేది. ఆమె ఆలోచించి, "ఉన్నదాన్నే కట్టు" అంది. మధ్యాహ్నం అన్నం తిని, ఎవరేమంటారోనని చూడకుండా, కాసేపు నడుం వాల్చింది.

దీపాల వేళకు జనం వచ్చారు. చాపలు చాలక గోడల వెంట ఆనుకుని కూర్చున్నారు. రూతు వంటింటి గుమ్మంలో నిలబడలేదు. మార్తమ్మ ఆమెను పట్టుకుని ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టింది. పాటలు, వాక్యం అయ్యాయి. చివరి ప్రార్థన తర్వాత పాస్టర్ అయ్యగారు లేచి చాయ్ గ్లాసు కోసం అటు తిరిగారు. ఆయన తెల్లచొక్కా వీపంతా నీలం. పక్కనే సాల్మన్ సారు లేచారు, ఆయన వీపూ నీలమే. పూర్తిగా ఆరని సున్నం గోడకు ఆనుకున్న ప్రతి మనిషికీ అంటుకుంది.

దావీదు చాయ్ పళ్లెంతో అక్కడే బిగుసుకుపోయాడు.

అయ్యగారు వెనక్కి చేయి పెట్టి తడిమి, వేళ్లు చూసుకున్నారు. "దావీదూ, అందరికీ పండుగ బట్టలు నువ్వే వేసినవయ్యా" అన్నారు.

ముందు లేయమ్మ నవ్వింది. తర్వాత మార్తమ్మ, పళ్లు లేని నోరు కొంగుతో మూసుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆమె నవ్వు చూసి రూతుకు ఆగలేదు. డొక్కలు నొప్పి పెట్టేదాకా నవ్వింది. చాయ్‌లో చక్కెర ఎక్కువైనా ఎవరూ గ్లాసు కింద పెట్టలేదు. వెళ్లేటప్పుడు ఒకరి వీపు ఒకరు దులుపుకుంటూ, వాకిట్లో కూడా నిలబడి మాట్లాడుకున్నారు.

మర్నాడు హాస్టల్ నుంచి కూతురు వచ్చి గోడలు చూసి, ఎప్పటికీ ఇలాగే ఉంచమని పట్టుబట్టింది. క్రిస్మస్ పొద్దున రూతు పాత చీరతోనే చర్చికి వెళ్లింది. కానీ కడుపు నిండా తిని, రాత్రంతా నిద్రపోయి వెళ్లింది.

కొత్త సంవత్సరంలో కట్టు విప్పారు. కుట్టుకు వచ్చిన వాళ్లకు, మధ్యాహ్నం అన్నం తిన్నాక పొద్దు వాలేదాకా మిషన్ తొక్కనని చెప్పింది. ఒకరిద్దరు వేరే దగ్గరికి వెళ్లారు. మిగిలిన వాళ్లు సాయంత్రం రావడం అలవాటు చేసుకున్నారు. మళ్లీ మిషన్ మీద కూర్చున్న మొదటి రోజు సంక్రాంతి బట్టల మూటలు పక్కన పెట్టి, తన పెట్టె అడుగున రెండేళ్లుగా పడి ఉన్న మామిడిపచ్చ జాకెట్ గుడ్డ బయటికి తీసింది. మార్తమ్మ చేత కొలతలు తీయించుకుని, కత్తెర పట్టింది.